రిపోజిటరీకి చెక్ ట్రే: స్టార్లు పక్కనబెట్టి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు బాగోగులు చూసే పద్ధతి

విడవలూరు మండలంలో మా చిన్నాయనకి నాలుగు రొయ్యల చెరువులున్నాయి. ఆయన కోసమని నెల్లూరులో కూర్చుని రాసిన చిన్న యాప్‌ని తర్వాత ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రైతులు కూడా పెట్టుకున్నారు. డీఓ (నీళ్ళలో ఆక్సిజన్) ఎంత, పీహెచ్ ఎంత, ఏ చెరువుకి ఎన్ని కిలోల మేత వేశారు, చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం) ఏం కనబడింది, ఇవి ఫోన్లో రాసుకోవడం, అంతే. చెరువు గట్టు మీద సిగ్నల్ నిలవదు. అందుకని రాసినవి ఫోన్లోనే దాచి, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కి పంపే సింక్ లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, కావాల్సొచ్చింది. ఓపెన్ సోర్స్ కోడ్ పెట్టే సైటు గిట్‌హబ్‌లో వెతికితే రెండు తేలాయి. ఒకదానికి 14 వేల స్టార్లు, ఇంకోదానికి 600 చిల్లర. ఇంక ఆలోచించేదేముందని పెద్దదాన్నే పెట్టేశాను.

నాలుగు నెలలకి ఫోనొచ్చింది. "ఒరే అబ్బాయా, మూడో చెరువు లెక్కలు వారం రోజులవి కనపడటంలా. మేత ఎంతేశామో నాకెట్టా తెలియాల?" చూస్తే, చిన్నాయనా ఆయన దగ్గర పనిచేసే కుర్రాడూ ఒకే చెరువుకి రెండు ఫోన్లలో రాస్తున్నారు. కుర్రాడి ఫోన్లో గడియారం పది నిమిషాలు ముందుంది. ఎవరి టైము తర్వాతదైతే వాళ్ళ రాతే నిలబడాలన్నది ఆ లైబ్రరీ లెక్క. దాంతో కుర్రాడి పాత రాత చిన్నాయన కొత్త రాతని చెరిపేస్తోంది. లైబ్రరీ ఇష్యూల్లో (వాడేవాళ్ళు బగ్గులు రాసిపెట్టే పేజీ) వెతికితే ఇదే బగ్‌ని ఎవరో రెండేళ్ళ క్రితమే రాసిపెట్టారు. దాని కింద డెబ్బై ఎనభై మంది "మాకూ ఇంతే" అన్నారు. మెయింటైనర్ (లైబ్రరీని నడిపేవాడు) నుంచి ఒక్క ముక్క లేదు. నేను దాన్ని ఎంచుకున్న రోజున కూడా ఆ ఇష్యూ అక్కడే ఉంది. నేనే చదవలేదు.

అప్పట్నుంచి కొత్త లైబ్రరీ ఏది పెట్టాలన్నా ఒక వరస పాటిస్తున్నాను. ఉదాహరణలు గిట్‌హబ్‌వి. గిట్‌ల్యాబ్‌లోనూ ఇవి చాలావరకు ఉంటాయి, పేర్లూ మెనూలూ కాస్త తేడా.

1. పాడైతే మీకు పోయేదేంటో ముందు తేల్చుకోండి

కోడ్‌లో ఖాళీలు సర్దిపెట్టే టూల్ రేపు ఆగిపోతే ఎల్లుండి ఇంకోటి పెట్టుకుంటారు. డేటా దాచేది, లాగిన్ చూసేది, డబ్బు లెక్కలు కట్టేది అట్లా కాదు. వాటిని పీకి వేరేది పెట్టాలంటే నెల పని. మొదటి రకానికి పది నిమిషాలు చాలు, కింద మూడో మెట్టు ఒక్కటి చూసి వదిలేయండి. రెండో రకానికి మాత్రం ఒక పూట కేటాయించాల్సిందే.

2. స్టార్‌ని ఉన్నంతవరకే చదవండి

స్టార్ నొక్కడమంటే తర్వాత చూద్దామని పేజీ మూల మడిచిపెట్టుకోవడం. నొక్కినవాడు దాన్ని వాడాడని కాదు. ప్రాజెక్టు ఆగిపోయాక స్టార్ తీసేయడానికని ఎవరూ పనిగట్టుకుని వెనక్కి రారు, అందుకే ఆ అంకె తగ్గడం అరుదు. జావాస్క్రిప్ట్‌లో తేదీల పనికి అందరూ వాడిన మొమెంట్ జేఎస్‌కి ఇవాళ్టికీ 40 వేలకు పైగా స్టార్లున్నాయి. కానీ దాన్ని నడిపేవాళ్ళే 2020 సెప్టెంబరులో ఇక కొత్త సౌకర్యాలు రావనీ, కొత్త ప్రాజెక్టులకి వేరేవి చూసుకోమనీ చెప్పేశారు. ఉన్నదున్నట్టు చెప్పారు కాబట్టి నా లెక్కలో వాళ్ళకి మంచి మార్కులే. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ పేజీ) చదవకుండా స్టార్లు చూసి పెట్టుకున్నవాళ్ళదే తప్పు.

స్టార్లు డబ్బుకి అమ్మే బేరగాళ్ళూ ఉన్నారు. స్టార్ల చరిత్ర గ్రాఫు తీసి చూడండి. ఏ వార్తా, ఏ విడుదలా లేకుండా రెండు రోజుల్లో గోడలా నిటారుగా లేచిందంటే అనుమానించాల్సిందే.

"స్టార్లు వద్దులే, డౌన్‌లోడ్‌లు చూస్తా" అనేవాళ్ళకి ఒక మాట. ఆటోమేటిక్ బిల్డ్ నడిచినప్పుడల్లా ఒక డౌన్‌లోడ్ పడుతుంది, ఇంకో ప్యాకేజీ వెంట తోకలా వచ్చినా పడుతుంది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాం ఎన్‌పీఎమ్‌లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీకి 2018లో వారానికి లక్షల్లో డౌన్‌లోడ్‌లు ఉండేవి. రాసినాయన దాన్ని వాడటమే మానేశాడు. నేను చూసుకుంటానని ఒక అపరిచితుడు అడిగితే ఇచ్చేశాడు. ఆ వచ్చినవాడు ఒక బిట్‌కాయిన్ వాలెట్ వాడేవాళ్ళ సొమ్ము కాజేసే కోడ్‌ని అందులో దూర్చాడు. అన్ని లక్షల డౌన్‌లోడ్‌లున్నా దాన్ని కనిపెట్టుకుని ఉన్నవాడు ఒక్కడూ లేడు.

3. చెక్ ట్రే ఎత్తండి: ఇష్యూలు

చెరువు మీద నీళ్ళు ఎంత నిగనిగలాడుతున్నా రైతు నమ్మడు. మేత వేసిన రెండు గంటలకి ట్రే ఎత్తి చూస్తాడు: మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తబడిందా అని. రిపోజిటరీలో (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) ఆ ట్రే ఇష్యూల ట్యాబ్. మిగతా మెట్లన్నీ కలిపినా ఇది చెప్పినంత చెప్పవు.

తెరిచి ఉన్నవి ఎన్ని అన్న అంకెని మొదట మర్చిపోండి. వేలమంది వాడే ప్రాజెక్టులో వేల ఇష్యూలు ఉండటం మామూలే. వరస మార్చే మెనూలో ముందు ఎక్కువ కామెంట్లున్నవి పైకొచ్చేలా పెట్టి పది చదవండి. తర్వాత ఎక్కువ బొటనవేలు గుర్తులు పడినవి పైకి తెచ్చి ఇంకో పది. ఈ ఇరవైలో మీ భవిష్యత్తు తలనొప్పులు సగం కనబడతాయి. ప్రతిదాంట్లో నేను చూసేది మూడు సంగతులు. మెయింటైనర్ ఎక్కడైనా నోరు విప్పాడా? విప్పితే ఎన్నాళ్ళకి? ఏమన్నాడు? "ఇది మా వల్ల కాదు, ఇదిగో కారణం" అన్నా నాకు ఫర్వాలేదు. ఎదురుచూడక్కర్లేదని తెలిసింది కదా. ఉలుకూ పలుకూ లేకపోతేనే భయం.

ఆ తర్వాత వెతుకుడు పెట్టెలో మీ పనికి ప్రాణంలాంటి మాటలు కొట్టండి. నాకైతే సింక్ కాబట్టి డేటా లాస్, డూప్లికేట్, టైమ్‌జోన్, క్లాక్. డబ్బు లెక్కలు కట్టేవాళ్ళు రౌండింగ్ అని కొట్టాలి. చివర్లో "ఇది ఇంకా నడుస్తోందా" అని అడిగిన ఇష్యూ ఉందేమో చూడండి. ఆరిపోతున్న ప్రతి ప్రాజెక్టులోనూ అట్లాంటిది ఒకటి ఉంటుంది. దానికి జవాబు వచ్చిందా లేదా అన్నదే మీ జవాబు.

ఇక్కడొక మాయ ఉంది, నేను రెండుసార్లు బోల్తా పడ్డాను. "మూసినవి తొంభై శాతం" అని చూసి మురిసిపోతాం. తెరిచి చూస్తే మూసింది మనిషి కాదు, స్టేల్ బాట్ అనే ప్రోగ్రాము. అరవై రోజులు ఎవరూ పలకకపోతే అదే ఒక లేబుల్ తగిలిస్తుంది, ఇంకో వారానికి తలుపు మూసేస్తుంది. బగ్ బతికే ఉంటుంది, ఇష్యూ పోతుంది. అందుకని మూసినవాటిల్లో ఓ పది తెరిచి కిందికి జరగండి. మూయడానికి ముందు ఏదైనా కమిట్‌కో (కోడ్‌లో చేర్చిన మార్పు) పుల్ రిక్వెస్ట్‌కో (మార్పు చేర్చుకోమని పంపే విన్నపం) లింకు కనబడితే అది నిజంగా తీరిన సమస్య. ఆఖరి మాట బాట్‌దే అయితే లెక్కలోంచి తీసేయండి.

మాట తీరు కూడా చూడండి. తెలియక అడిగిన కుర్రాణ్ణి కసురుకునేచోట రేపు మీకు కష్టమొస్తే అడగబుద్ధి కాదు. అలాగని మెయింటైనర్ మీద ఊరంతా పడి అరుస్తుంటే, ఆయన మౌనానికి కారణం అదే కావచ్చు.

4. మోస్తున్నవాళ్ళెవరు, ఎంతమంది

రిపోజిటరీని పూర్తిగా క్లోన్ చేసుకోండి. పైపై కాపీ తెచ్చుకుంటే చరిత్ర రాదు, లెక్క తప్పుతుంది. తర్వాత గిట్ షార్ట్‌లాగ్ కమాండ్‌ని మెర్జ్‌లు వదిలేసి, గడచిన ఏడాదికి మాత్రం నడపండి. ఎవరు ఎన్ని కమిట్లు చేశారో వరసగా వస్తుంది. కమాండ్లు అలవాటు లేనివాళ్ళకి ఇన్‌సైట్స్‌లో కంట్రిబ్యూటర్స్ పేజీ ఉంది, కాలవ్యవధి మార్చి చూసుకోవచ్చు.

ముందు డిపెండాబాట్, రెనొవేట్‌లాంటి బాట్లని కొట్టేయండి. పచ్చగా కళకళలాడే కమిట్ల పట్టీలో సగం ఈ బాట్లు వెర్షన్ నంబర్లు మార్చుకుంటూ పోయినవే అయిన సందర్భాలు చూశాను. వాటిని తీసేశాక మిగిలిన మనుషుల్లో మొదటివాడు రేపట్నుంచి రాకపోతే ఎవరు నడుపుతారు? సమాధానం లేకపోతే అది ఒంటెద్దు బండి.

ఒంటెద్దు బండి అయినంతమాత్రాన వద్దనను. ఒక్కడే దీక్షగా నడిపే మంచి ప్రాజెక్టులు బోలెడు. ప్రమాదం ఎక్కడంటే, ఆ ఒక్కడు అలిసిపోయినప్పుడు. ఎక్స్‌జెడ్ యుటిల్స్ కథ అదే. లినక్స్‌లో ఫైళ్ళు కుదించే ఈ పనిముట్టుని ఒకాయన జీతంలేకుండా ఏళ్ళతరబడి నడిపాడు. 2022లో తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది డబ్బు రాని సరదా పనేననీ బహిరంగంగానే చెప్పుకున్నాడు. కొన్ని ఖాతాలు ఆయన మీద పడి "నువ్వు చేయలేకపోతే ఇంకొకరికివ్వు" అని ఒత్తిడి చేశాయి. జియా టాన్ అనే పేరుతో వచ్చినవాడు రెండేళ్ళపాటు బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించాడు. 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి పెట్టాడు. 2024 మార్చి 29న దాన్ని లోకానికి చెప్పింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయనకి అనుమానం వచ్చింది కోడ్ చదివి కాదు, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని. పైపై లెక్కల్లో చూస్తే ఆ రోజుల్లో ఆ ప్రాజెక్టు కొత్త చెయ్యి దొరికి కోలుకుంటున్నట్టే కనబడేది. కాబట్టి కొత్త మెయింటైనర్ వచ్చాడంటే సంతోషించి ఊరుకోకండి. ఎవరు, ఇంకెక్కడ పనిచేశారు, విడుదల చేసే తాళంచెవి ఎవరి చేతికి మారింది, ఇవన్నీ చూడండి.

డబ్బు సంగతీ ఇక్కడే చూడాలి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లొసుగు బయటపడేనాటికి సగం ఇంటర్నెట్‌కి తాళం వేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు 2000 డాలర్ల దరిదాపుల్లో ఉండేవి. కంపెనీ జీతమిస్తోందా, ఫౌండేషన్ ఉందా, స్పాన్సర్లున్నారా చూడండి. ఒకే కంపెనీ జీతం మీద నడిచేదైతే ఏడో మెట్టు రెండుసార్లు చదవండి.

5. విడుదలలు

రిలీజుల పేజీ తీసి మొన్నటిది ఎప్పుడు, అంతకుముందుది ఎప్పుడు చూడండి. అసలు కిటుకు మాత్రం ఆఖరి ట్యాగ్‌కీ (విడుదలకి వేసిన గుర్తు) మెయిన్ బ్రాంచికీ (పని నడుస్తున్న కోడ్) మధ్య తేడా తీయడం. బగ్‌ని సరిచేసిన కమిట్లు ఏడాదిగా మెయిన్‌లో పడున్నాయి, విడుదల మాత్రం లేదు అంటే విడుదల బటన్ నొక్కే హక్కున్నవాడు లేడని అర్థం. మీరు ఇన్‌స్టాల్ చేసుకునేది పాత బగ్గునే.

చేంజ్‌లాగ్‌లో "కొన్ని సవరణలు" అని ఒక్క ముక్క రాసేవాళ్ళ దగ్గర అప్‌గ్రేడ్ ప్రతిసారీ జూదమే. ఏం విరిగిపోతుందో, ఎట్లా మార్చుకోవాలో రాసేవాళ్ళు మిమ్మల్ని తలచుకుంటూ పనిచేస్తున్నట్టు.

ఇంకో సంగతి. ఎక్స్‌జెడ్‌లో దొంగ స్క్రిప్టు గిట్ రిపోజిటరీలో లేదు, విడుదల చేసిన టార్ ఫైలులోనే (కోడంతా కట్టగట్టిన ఫైలు) ఉంది. ప్రాణం మీదికి తెచ్చే చోట వాడేదైతే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి.

6. బయటివాడి పుల్ రిక్వెస్ట్

సొంత టీమ్‌వి కాకుండా బయటివాళ్ళు పంపినవి ఓ పది తీయండి. ఎన్ని కలిశాయి, ఎన్నింటికి కనీసం "కుదరదు" అన్న జవాబొచ్చింది, ఎన్ని దుమ్ము పట్టాయి? చక్కగా టెస్టులతో పంపిన సవరణ కూడా ఏడాదిగా పడుందంటే, రేపు మీరు బగ్ సరిచేసి పంపినా అదే గతి.

7. లైసెన్సు, యజమాని

లైసెన్సు ఫైలు లేకపోతే అక్కడితో ఆగండి. కోడ్ బయటికి కనబడుతున్నంతమాత్రాన వాడుకునే హక్కు రాదు.

ఉంటే, మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడండి. సర్వర్లు అమర్చే పనిముట్టు టెర్రాఫామ్ 2023 ఆగస్టులో ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి, వాడకానికి షరతులు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్సుకి మారింది, దాన్నుంచి ఓపెన్‌టోఫు చీలింది. డేటాబేసు రెడిస్ 2024 మార్చిలో బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుని వదిలేసింది, వాల్‌కీ పుట్టింది. 2025లో రెడిస్ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుని ఒక ఎంపికగా చేర్చుకుంది. రెంటికీ స్టార్లకి కొదవలేదు, కోడ్‌కి జబ్బూ లేదు. మారింది యజమాని మనసు. కోడ్ పంపేవాళ్ళందరి చేత హక్కులు ఒకే కంపెనీకి రాయించుకునే ఒప్పందం ఉంటే ఆ మార్పు తేలిక. హక్కులు వందమంది దగ్గర చెదిరి ఉంటే సాధారణంగా కష్టం. కంట్రిబ్యూటింగ్ ఫైలులో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

8. వెంట వచ్చే చుట్టాలు, భద్రత

ఒక్క లైబ్రరీ పెట్టుకుంటే దాని వెనక వంద దిగుతాయి. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే ప్రపంచమంతా బిల్డులు ఆగిపోయాయి. డిపెండెన్సీ చెట్టు గీయించి, అందులో ఎన్నేళ్ళుగా ఎవరూ ముట్టనివి ఎన్నో చూడండి. ఓఎస్‌వీ డేటాబేసులో పేరు కొట్టి తెలిసిన లొసుగులు చూడండి. ఓపెన్ సోర్స్ భద్రత చూసే ఓపెన్ఎస్ఎస్ఎఫ్ వాళ్ళ స్కోర్‌కార్డ్ టూల్ ఒక్కో అంశానికి 0 నుంచి 10 దాకా మార్కులు వేస్తుంది. మొత్తం మార్కు కన్నా సున్నా ఎక్కడ పడిందో చూడటం ఉపయోగం.

సీవీఈలు (నంబరు వేసి ప్రకటించిన లొసుగులు) ఉన్నాయని బెదిరిపోవద్దు. కర్ల్ ప్రాజెక్టు తనలో దొరికిన ప్రతి లొసుగునీ ఏ వెర్షన్లో పుట్టిందో, ఎందులో పోయిందో చెబుతూ పట్టిక పెడుతుంది. పదేళ్ళు నడిచిన పెద్ద ప్రాజెక్టులో ఒక్క సీవీఈ కూడా లేదంటే ఎవరూ వెతకలేదేమో అని నాకనిపిస్తుంది. తెలిసిన లొసుగుని ఎన్నాళ్ళకి మూశారన్నదే చూడాలి.

9. నిశ్శబ్దంగా ఉందా, పోయిందా

పైవన్నీ చూశాక తొందరపడి కొట్టిపారేసే ప్రమాదముంది. ఎస్‌క్యూలైట్ డేటాబేసుని నేను చెప్పిన ఆరో మెట్టు మీద పెడితే ఘోరంగా తప్పుతుంది. బయటివాళ్ళ కోడ్ వాళ్ళు తీసుకోరు, గిట్‌హబ్‌లో ఉన్నది ఒట్టి ప్రతిబింబం, నడిపేది చేతి వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. అయినా మీ జేబులో ఉన్న ఫోన్లో అదే ఉంది. వాళ్ళ టెస్టు కోడ్ అసలు కోడ్‌కి వందల రెట్లు, 2050 దాకా చూసుకుంటామని మాటిచ్చారు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తన అక్షరకూర్పు ప్రోగ్రాము టెక్ (TeX)ని ఏళ్ళకొకసారే ముట్టుకుంటాడు. 2021లో సవరించినప్పుడు వెర్షన్ 3.141592653 అయింది, ప్రతిసారీ పై (π) విలువకి ఒక అంకె దగ్గరవుతుంది. పని పూర్తయిన ప్రాజెక్టుకి రోజూ కమిట్లు అక్కర్లేదు.

మరి తేడా ఎట్లా పట్టాలి? నేను ఇవాళ్టి కంపైలర్‌తో, ఇవాళ్టి ఆండ్రాయిడ్‌తో బిల్డ్ చేసి చూస్తాను. అది నిలబడి, మొన్న వచ్చిన భద్రతా ఫిర్యాదుకి జవాబు కనబడితే నిశ్శబ్దంగా ఉన్నట్టు. రెండూ లేకపోతే పోయినట్టు.

10. చేత్తో పట్టి చూడండి

హేచరీకి ఎంత పేరున్నా సీడ్‌ని (రొయ్య పిల్లల్ని) వైరస్ చూసే పీసీఆర్ టెస్టుకి పంపకుండా చెరువులో వదలరు. ఇదీ అంతే. టెస్టులు మీ మిషన్లో నడపండి. తర్వాత మీకు జరగబోయే చెడునే కావాలని జరిపించండి. రెండోసారి 600 స్టార్ల లైబ్రరీని పరీక్షించినప్పుడు నేను రెండు ఫోన్లు తీసుకున్నాను. ఒకదాని గడియారం పది నిమిషాలు ముందుకి తిప్పాను, రెండూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకే చెరువుకి వేర్వేరు మేత లెక్కలు రాశాను. సింక్ మధ్యలో ఒక యాప్‌ని బలవంతంగా ఆపేశాను. రెండు రాతలూ మిగిలాయి, ఏది ఉంచాలో తేల్చుకోమని అడిగింది. నాకు కావాల్సింది అదే.

ఇంకో చిన్న పరీక్ష: డాక్యుమెంటేషన్లో ఒక తప్పు సరిచేసి పుల్ రిక్వెస్ట్ పంపండి, లేదా బుద్ధిగా ఒక ప్రశ్న అడగండి. వారం ఆగి చూడండి. నాకు రెండో రోజునే జవాబొచ్చింది, నేను చదవని పేజీ ఏదో చూపిస్తూ.

11. ఎంచుకున్నాక

రిపోజిటరీలోనే ఒక ఫైలు పెట్టుకోండి. ఏ తేదీన చూశాం, ఏ వెర్షన్, ఏం బాగుంది, ఏది అనుమానం, మళ్ళీ ఎప్పుడు చూడాలి, నాలుగు ముక్కలు చాలు. వెర్షన్‌ని లాక్ చేయండి. లైబ్రరీని కోడంతటా చల్లకుండా మీ సొంత ఫంక్షన్ల వెనక దాచండి, తీయాల్సొస్తే ఒక్కచోటే మార్చుకోవచ్చు. జబ్బుపడ్డదే తప్ప వేరే దిక్కు లేకపోతే ఫోర్క్ చేసి (సొంత కాపీ తీసి) మీరే మోయాలి, లేదా నడిపేవాళ్ళకి డబ్బిచ్చి మోయించాలి. ఎవరో వచ్చి చూస్తారులే అనుకుంటే మళ్ళీ నా మూడో చెరువు కథే.

నేను తిరిగి చూసేది పట్టుబడి అయ్యాక, చెరువులు ఎండబెట్టే రోజుల్లో. అప్పుడు యాప్‌లో రాసేవాళ్ళు తక్కువ, ఏదైనా తిరగబడినా ఎవరి మేత లెక్కా పోదు. మొన్న చూసినప్పుడు ఆ 600 స్టార్ల లైబ్రరీకి స్టార్లు వెయ్యి దాటాయి. రెండో మెయింటైనర్ మాత్రం ఆరు నెలలుగా ఒక్క కమిట్ చేయలేదు. ఫైలులో తేదీ వేసి ఆ మాట రాసి పెట్టాను, వచ్చే పంటకి ముందు మళ్ళీ చూడాలి.